మహారాజశ్రీ అబ్‌స్ట్రాక్ట్ గారికి, హనుమకొండ నుంచి

మహారాజశ్రీ అబ్‌స్ట్రాక్ట్ గారికి,

హనుమకొండ నుంచి ఒక డెంటల్ కాలేజీ మాస్టారు రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. పరిశోధన మొత్తాన్ని నాలుగు ముక్కల్లో చెప్పే సారాంశం మీరు, ఏ ఊళ్లో దంతవైద్యుల కాన్ఫరెన్సు జరిగినా అందరికంటే ముందు చేరేది మీరే. ఏసీ హాల్లో తెర మీద కనబడేది మీరే, సావనీర్‌లో అచ్చయ్యేదీ మీరే. పన్ను పీకినవాడు, పీకించుకున్నవాడు ఇద్దరూ గుమ్మం బయటే ఉంటారు.

మీ వంశం గొప్పదే, కాదనను. మీకు వేదికనిచ్చే అంతర్జాతీయ దంత పరిశోధన సంఘం 1920లో న్యూయార్క్‌లో పుట్టింది. చదివే డాక్టరుకు టైం ఉండదు, పనికొచ్చేదో కాదో ఒక్క చూపులో తెలియాలని 1987 నుంచి వైద్య పత్రికలు మీకు ఉద్దేశం, పద్ధతి, ఫలితం, ముగింపు అని గదులు కట్టించాయి. క్లినికల్ ట్రయల్ అయితే మీలో ఏమేం ఉండాలో ట్రయల్స్ గురించి ఎలా రాయాలో చెప్పే కన్సార్ట్ బృందం వాళ్లు 2008లో జాబితా కూడా ఇచ్చారు. అన్నీ మంచి ఉద్దేశాలే. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ 1920లోనే కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ దేశంలో మొదటి డెంటల్ కాలేజీ పెట్టారు. డబ్బు కోసం సోడా ఫౌంటెన్ నడిపారు. (ఐస్‌క్రీములు, తీపి సోడాలు అమ్మి పళ్ల కాలేజీ నడపడం ఎంత ముందుచూపో!) కాలేజీ నిలబడ్డాక, 1925లో, పత్రిక పెట్టారు. ముందు పని, తర్వాత రాత. ఆ వరస కాస్త గుర్తుపెట్టుకోండి.

ఎందుకంటే మీరు కూడా పని అయ్యాకే పుట్టాలి. పళ్లు చూసి, లెక్కలు రాసి, తేలాల్సింది తేలాక, దాని సారం మీరు. మా కారిడార్‌లో మాత్రం ముందు మీరు పుడతారు. పరిశోధన మిమ్మల్ని వెతుక్కుంటూ వెనకాల వస్తుంది, ఒక్కోసారి దారి తప్పి అసలే రాదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. మేం ఆ సోమలింగానికి ఆరుగురు ఆథర్లను, ఒక ఈమెయిల్ ఐడీని కూడా కేటాయిస్తాం.

ఎండీఎస్, అంటే దంతవైద్యంలో పీజీ, చదివే మూడేళ్లలో కాన్ఫరెన్సుకు వెళ్లి పేపరో పోస్టరో పెట్టాలి కదా. బ్రోచర్ ఎప్పుడో వాట్సాప్‌లో పడి ఉంటుంది. ఎవరూ కదలరు. చివరి తేదీ నాడు మధ్యాహ్నం, ఓపీ పల్చబడే వేళకు, ఒకమ్మాయి తలుపు దగ్గర నిలబడుతుంది.

"సర్, అబ్‌స్ట్రాక్ట్ ఇయ్యాలనే పంపాలె సర్."

"పంపమ్మా. దేని మీద?"

"అదే సర్... మీరేదన్న టాపిక్ చెప్తరేమోనని."

రాత్రికల్లా ఫలితాలతో సహా తయారు. ఫలితాలు ఎక్కడివని అడిగితే "పైలట్ స్టడీ సర్" అంటారు, అంటే అసలు పనికి ముందు చేసే చిన్న ప్రయత్నమట. 'ఫలితాలు సమావేశంలో చర్చించబడును' అని రాసేవాళ్లు వీళ్లకంటే ఉత్తములు. చేతిలో ఏమీ లేదని పాపం ఒప్పుకుంటున్నారు. కానీ చాలా కమిటీలు ఆ వాక్యం కనబడగానే తిప్పి పంపుతాయి. ఏదో ఒక అంకె వేసి, పక్కన చుక్క పెట్టి, రెండు దశాంశాలు చేర్చినవాడు దర్జాగా లోపలికి వెళ్తాడు. దశాంశం ఉన్న అంకెను ఎవరూ అనుమానించరు.

టాపిక్కుల సంగతి చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టే. రూట్ కెనాల్ చేసిన పంటిలో మళ్లీ ఇన్ఫెక్షన్ వస్తే తరచుగా దొరికే ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే బాక్టీరియా ఒకటుంది. దాని మీదికి, పంటి కాలువ కడిగే సోడియం హైపోక్లోరైట్ అనే మందుకు పోటీగా మన పరిశోధకులు పసుపును, వేపను, తులసిని, త్రిఫలను, కలబందను పంపారు. ఆ బాక్టీరియా మన వంటింటిని, పెరటిని ఈపాటికి పూర్తిగా చూసేసింది. మిగిలింది చింతపండు తొక్కు ఒక్కటే. దాన్ని కూడా ఎవరో మీ పేరున ఈ సీజన్‌లో పంపే ఉంటారు.

ల్యాబ్‌లో నిజంగా పనిచేసే పిల్లల పాట్లు మీలో ఎక్కడా కనబడవు. 'క్లిప్పుల చికిత్స కోసం తీసిన ప్రీమోలార్లు సేకరించబడినవి' (కోరపన్ను వెనక ఉండే పళ్లు లెండి) అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సేకరించడమంటే ఏమిటో చెప్పనా? మూత గట్టిగా బిగించిన డబ్బాలో సెలైన్ పోసుకుని, నక్కలగుట్ట నుంచి వరంగల్ చౌరస్తా దాకా ఉన్న క్లినిక్కులన్నీ స్కూటీ మీద తిరగడం. "అన్నా, ఆర్థో కేసు ఏమన్న వచ్చిందా?" అని ప్రతి గుమ్మంలో అడగడం. పన్ను దొరికాక దాని మీది కండ గీకాలి, గార తీయాలి, ఎక్స్‌రే తీసి లోపల ఒకే కాలువ ఉందో లేదో చూడాలి. సన్నటి పగులు కనబడినా పక్కన పడేయాలి. గ్రూపుకి 15 చొప్పున నాలుగు గ్రూపులంటే 60 మంచి పళ్లు కావాలి. డబ్బాలో ఉన్నవాటిలో సగం పనికిరావు. హాస్టల్ ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఆ డబ్బా పెట్టినందుకు రూమ్మేట్‌తో మాటలు బంద్. ఇదంతా చేసిన అమ్మాయికీ, ఇంట్లో కూర్చుని పళ్లు ఊహించుకున్న అబ్బాయికీ మీరు ఇచ్చేది అదే 250 మాటలు.

ఆ 250 దగ్గర జరిగే తతంగం చూడాల్సిందే. ఆన్‌లైన్ ఫారంలో 251వ మాట పడగానే గడి ఎర్రబడుతుంది. మొదట చిన్నాచితకా మాటలు ఏరేస్తారు. తర్వాత రెండేసి, మూడేసి మాటల మధ్య అడ్డగీత పెట్టి ఒకే మాట చేస్తారు. మన సమాసాలు నేర్చినవాడికి కూడా ఆ తెలివి రాదు. అప్పటికీ తగ్గకపోతే ఎథిక్స్ కమిటీ అనుమతి ఎగిరిపోతుంది. ఆ తర్వాత పేషెంట్లు ఒప్పుకుని సంతకం పెట్టారన్న ముక్క, మధ్యలో ఎందరు మానేశారన్న లెక్క. 'నావెల్', 'ఇన్నోవేటివ్' అన్న మాటల జోలికి మాత్రం కత్తెర పోదు. చివర్లో 'ఇంకా ఎక్కువ శాంపిల్‌తో మరిన్ని అధ్యయనాలు అవసరం' అన్న వాక్యాన్ని ఎవరూ ముట్టుకోరు. ఆ మరిన్ని అధ్యయనాలు ఎవరు చేస్తారో నేనైతే ఇంతవరకు చూడలేదు.

మీ గర్భగుడిలో ఉండే దేవుడు పి విలువ, అంటే నిజానికి తేడా లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా కనబడే అవకాశం ఎంతో చెప్పే అంకె. 0.05 కంటే తక్కువైతే మొక్కు తీరినట్టు. రెండు గ్రూపుల సగటుల మధ్య తేడాను తూచే టి టెస్టును 1908లో లోకానికి ఇచ్చిన గోసెట్ గారు డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. చేతిలో కొద్దిపాటి శాంపిళ్లే ఉంటే వాటిని ఎంతవరకు నమ్మొచ్చు అన్నది ఆయన తాపత్రయం. ఉద్యోగులు సొంత పేరుతో అచ్చువేయడానికి కంపెనీ ఒప్పుకోక 'స్టూడెంట్' అనే మారుపేరు పెట్టుకున్నాడు. 0.05 గీతకు తర్వాత 1925లో ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త ప్రచారం తెచ్చాడు. గోసెట్ పేరు దాచుకుని పని బయటపెట్టాడు. మేం పేర్లు ముందు పెట్టి పని దాచుకుంటాం.

పేర్లంటే గుర్తొచ్చింది. ఆథర్ అనిపించుకోవాలంటే నాలుగు షరతులు తీరాలని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ చెప్తుంది: పనిలో చెయ్యి ఉండాలి, రాతలో చెయ్యి ఉండాలి, తుదిరూపానికి ఒప్పుకోవాలి, రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పాలి. మా దగ్గర షరతు ఒక్కటే. లిఫ్ట్‌లో కనబడి "ఏం నడుస్తాందిరా?" అని అడిగిన పెద్దమనిషి ఎవరైనా సరే ఆథరే. రేపు జవాబు చెప్పాల్సి వస్తే మాత్రం మొదటి పేరున్న పిల్ల ఒక్కతే మిగులుతుంది.

రివ్యూ చేసేవాళ్లకు తెలియకుండా కాలేజీ పేరు, ఊరి పేరు తీసేయమంటారు. తీసేస్తాం. 'ఉత్తర తెలంగాణలోని ఒక చారిత్రక నగరంలో గల దంతవైద్య కళాశాలకు వచ్చిన రోగులలో' అని రాస్తాం. ఇక వేయిస్తంభాల గుడి ఫొటో ఒక్కటి జత చేయడమే తక్కువ.

ఒప్పుకున్నారన్న మెయిల్ వచ్చాక పోస్టర్. (రిజిస్ట్రేషన్ ఫీజు అంతకుముందే కట్టి ఉంటారు. మీరు ఒప్పుకోకపోయినా అది వెనక్కి రాదు.) పోస్టర్ కొట్టేది హనుమకొండలో ఒక ఫ్లెక్సీ షాపులో. పక్క కంప్యూటర్‌లో ఒక అన్నగారి జన్మదిన శుభాకాంక్షలు, మా కంప్యూటర్‌లో ఎంటరోకాకస్ ఫీకాలిస్. షాపు కుర్రాడు ఆథర్ల ఫొటోలు చూసి, అడగకుండానే ఆరింటినీ గుండ్రంగా కత్తిరించి కింద వరసగా పేర్చాడు, ప్రిన్సిపాల్ గారిని కాస్త పెద్ద సైజులో పైన పెట్టాడు. మా సంస్కృతి అతనికి నాకంటే బాగా తెలుసు. పట్టికలను జూమ్ చేసి చూసి, "ఇంత చిన్న అక్షరాలు ఎవరు సదువుతరు సర్?" అన్నాడు. మీకు దొరికిన నిఖార్సయిన రివ్యూయర్ అతనే. తెల్లారి ఆ పోస్టర్ చుట్ట కాజీపేట స్టేషన్‌లో రైలెక్కింది.

ఇప్పుడు అసలు సంగతి. కరీంనగర్ వైపు ఒక ఊళ్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల నోళ్లు పరీక్షించే క్యాంపుకు పిల్లల వెంట నేనూ వెళ్లాను. వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ, వెలుతురు కోసం ముఖం ఎండవైపు. ఒకమ్మాయి అద్దం, ప్రోబ్ పట్టుకుని ఒక్కో పంటి స్థితికి కోడ్లు చెప్తుంటే ఇంకొకరు కాగితం మీద దింపుతున్నారు. ఒక పెద్దావిడ వంతు వచ్చింది. చాటలో తునికాకు, తంబాకు అట్లాగే వదిలేసి వచ్చింది, వేళ్ల సందుల్లో పొడి ఇంకా ఉంది. కింద కుడివైపు దవడ పన్ను వేర్ల దాకా పుచ్చి ఊగుతోంది. కోడ్ రాసేశారు. ఆమె లేవలేదు.

"చూసుడేనా బిడ్డా, పీకుడు లేదా?"

"కాలేజీకి రా అమ్మా, పైసలు లేకుండ పీకుతం."

"బస్సు కిరాయి ఎవలిస్తరు? ఆ దినం బీడీల కూలి ఎవలిస్తరు?"

మా దగ్గర జవాబు లేదు, ఫారంలో ఆ ప్రశ్న లేదు. ఆమె ఒక సీరియల్ నంబరై మీలోకి ఎక్కింది. ముగింపు గదిలో ఏమొచ్చిందో తెలుసుగా: 'బీడీ కార్మికులలో నోటి ఆరోగ్యం పట్ల అవగాహన కొరవడింది.' ఏ పన్ను నొస్తుందో, ఎన్నాళ్లుగా నొస్తుందో, పీకించుకోవడానికి పోతే ఎంత కూలి పోతుందో ఆమెకు పైసాతో సహా తెలుసు. జనం మాట కోసం జీవితమంతా కొట్లాడిన కాళోజీ పేరున మా హెల్త్ యూనివర్సిటీ వరంగల్‌లోనే ఉంది. అదే ఊరి నుంచి వెళ్లే మీలో ఆమె అడిగిన రెండు ప్రశ్నలకు గది లేదు. ఉంటే ఆ పని కాన్ఫరెన్సులో ఎవరికైనా పనికొచ్చేది: క్యాంపుతో పాటే పీకే ఏర్పాటు ఉంటే ఎందరు పీకించుకుంటారు అని ఒక మంచి స్టడీ అయ్యేది.

పోనీ మీరైనా బాగుపడుతున్నారా? కాన్ఫరెన్సుల అబ్‌స్ట్రాక్టులు ఆ తర్వాత పూర్తి పేపర్లుగా ఎన్ని అచ్చయ్యాయని వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2018 సమీక్ష వైద్య రంగాలన్నిటిలో లెక్క తీసింది. నూటికి 37. మిగతావన్నీ సర్టిఫికెట్ ఫైల్లో ప్లాస్టిక్ కవర్ కింద నిద్రపోతున్నాయి. మా సోమలింగాలు ఆ 37లో ఎన్ని ఉంటాయో నన్ను అడగొద్దు.

అందుకని ఈ సీజన్ నుంచి నా గది ముందు ఒక పద్ధతి పెట్టాను. మిమ్మల్ని తీసుకొచ్చే పిల్లలు ముందు డేటా షీటు చూపించాలి. అది లేదంటే పళ్ల డబ్బా అయినా చూపించాలి. తలుపు దగ్గర రద్దీ బాగా తగ్గింది. కొందరు పక్క గైడ్ దగ్గరికి వెళ్లారు, వాళ్ల అబ్‌స్ట్రాక్టులు ఈసరికి వెళ్లిపోయి కూడా ఉంటాయి. స్కూటీ మీద తిరిగిన ఆ అమ్మాయి మాత్రం షీటుతోనే వచ్చింది. త్రిఫలకూ హైపోక్లోరైట్‌కూ నడుమ తన పళ్లలో ఏం తేలిందో మొత్తం రాసింది. పగిలి పారేసినవి ఎన్నో, ఎందుకో కూడా రాసింది. తేడా అయితే తేలలేదు. పి విలువ 0.05కు ఆమడ దూరంలో ఉంది.

"రిజెక్ట్ చేస్తరేమో సర్," అంది. "కొంచెం మార్చమంటరా?"

ఫలితాల్లో ఒక్క అక్షరం మార్చలేదు. ఎథిక్స్ వాక్యం తీయలేదు, 'నావెల్' తీసేశాం, సరిగ్గా 250 వచ్చింది. ఆథర్లు ఇద్దరే. నిన్న సాయంత్రం సబ్మిట్ నొక్కింది. ఇప్పుడు అది మీ దగ్గరే ఉంది. ఒప్పుకుంటారో లేదో మీ ఇష్టం. ఒప్పుకోకపోతే ఎందుకో ఒక వాక్యం రాసి పంపండి, ఆ పిల్లకు చూపించాలి.

ఇట్లు,
మీ పేరున ప్రతి ఏటా సంతకాలు పెట్టే ఒక గైడు,
హనుమకొండ