మహారాజశ్రీ డబ్బా ఇంటిగారికి

ఓడల్లో సరుకు మోసే ఇనుప పెట్టెనే ఇల్లుగా చేశామని చెప్పి నాకు అమ్మిన మహారాజశ్రీ కంటైనర్ ఇంటిగారి సముఖానికి, భీమిలి రోడ్డు మకాం నుంచి నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. అంటే మీరు కుశలంగానే ఉన్నారు, మిట్టమధ్యాహ్నం ఎండలో నిగనిగలాడుతున్నారు. కుశలం లేనిది మీ లోపల ఉన్నవాళ్లకే.

మొన్న ఆదివారం జరిగింది తమకు గుర్తుండే ఉంటుంది. మా అక్క, బావగారు, పిల్లలు మిమ్మల్ని చూడడానికని గోపాలపట్నం నుంచి పనిగట్టుకుని వచ్చారు. సరిగ్గా వడ్డన వేళకు కరెంటు పోయింది. పప్పన్నం కలిపేసరికి అక్క నుదుటి కుంకుమ ముక్కు మీదికి దిగింది. పులుసు దగ్గర బావగారు చొక్కా విప్పేశారు. పెరుగు వేద్దామని చూస్తే వేయించుకోవడానికి ఎవరూ లేరు. అందరూ కంచాలు పట్టుకుని బయటికి నడిచి, మీ తూర్పు గోడ పక్కన అప్పుడే పడుతున్న జానెడు నీడలో చతికిలబడ్డారు. పొద్దుగూకేదాకా అక్కడే. లోకంలో ఇల్లున్నవాళ్లు ఇంట్లో కూర్చుంటారు, మేము ఇంటి పక్కన కూర్చున్నాం. కరెంటు పోయినప్పుడు పనికొస్తుందని కిటికీ పక్క అరలో నిలబెట్టిన కొవ్వొత్తి నడుము దగ్గర వంగి, తల చెక్కకు ఆనించి, అలాగే గట్టిపడిపోయింది. దాన్ని తీయలేదు. సాక్ష్యంగా ఉంచాను.

మిమ్మల్ని అమ్మిన కుర్రాడు ఎంత ముచ్చటగా చెప్పాడు! దేశదేశాలు తిరిగి అలసిపోయిన పాత కంటైనర్‌కు కొత్త జన్మ ఇస్తున్నామన్నాడు. ఓడరేవున్న ఊరు కదా, నమ్మబుద్ధి వేస్తుంది. మా బావగారు ఆ రేవులోనే పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం నీడలో కూర్చుని వేరే పని లేక మీ ఒంటి మీద రాసిన నంబరు చదివారు. కంటైనర్ నంబరంటే నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. ఏడో అంకె మిగతావి సరిగా ఉన్నాయో లేదో లెక్కగట్టి చూసుకోవడానికి. మీకు ఆరే ఉన్నాయి. తలుపు మీద ఉండాల్సిన సేఫ్టీ ప్లేటు లేదు, అది ఉండిన మేకు గుర్తులూ లేవు. అప్పుడు తెలిసింది, తమరు జన్మలో ఓడ ఎక్కలేదని. ఏదో షెడ్డులో రేకులు అతికితే పుట్టారు, ట్రైలర్ మీద వచ్చారు, సముద్రాన్ని మొదటిసారి మా స్థలంలోనే చూశారు. అదీ మిమ్మల్ని చూసింది. చూసిన రోజు నుంచే తినడం మొదలుపెట్టింది. కిటికీ కింద ప్రతి మరమేకు నుంచీ గోధుమ రంగు చార ఒకటి కిందికి దిగుతోంది. అసలు కంటైనర్ల ఉక్కు వేరు. రాగి, క్రోమియం కాస్త కలిసిన ఆ ఉక్కుకు పైన పట్టిన తుప్పే కవచమవుతుంది. ఉప్పుగాలిలో ఆ కవచమే సరిగా నిలవదంటే, ఇక తమబోటి వారి సంగతి చెప్పేదేముంది?

గోడల్లో వేడిని ఆపే రాతిపీచు, రాక్‌వూల్ నింపామన్నారు. మొన్న స్విచ్‌బోర్డు విప్పితే థర్మకోల్ పూసలు రాలాయి. సరే, అదీ వదిలేశాను.

వదల్లేనిది వేడి. ఇక్కడి నుంచి ‘మీరు’ అనడం నావల్ల కాదు. నిన్ను నువ్వు అనే అంటాను.

ఉక్కు ఇటుక కంటే పదుల రెట్లు చురుగ్గా వేడిని మోస్తుంది. మట్టిగోడైనా ఇటుకగోడైనా ఎండను పట్టుకుని గంటల తరబడి తనలోనే దాచుకుని, చల్లబడ్డాక నెమ్మదిగా వదులుతుంది. రెండు మిల్లీమీటర్ల రేకుకు అంత ఓపిక ఎక్కడిది? పది గంటలకు బయట తగిలిన ఎండ పదింపావుకు లోపల మంచం మీద ఉంటుంది. పైగా ఇది విశాఖపట్నం. ఇక్కడ మనిషిని చంపేది ఎండ కంటే ఉక్కపోత. చెమట ఆరని ఊళ్లో ఇంటికి కావాల్సింది ఎదురెదురు కిటికీలు, ఆడే గాలి. నీ కిటికీలు రెండూ ఒకే గోడకు ఉన్నాయి. ఎందుకయ్యా అంటే, అవతలి గోడ మడత మంచానికి కావాలట! సముద్రం కూతవేటు దూరంలో ఉంది, సాయంత్రమయ్యేసరికి చల్లగాలి తోసుకుంటూ వస్తుంది, నీ గుమ్మం దాకా వచ్చి దారిలేక వెనక్కి పోతుంది.

అందుకని ఏసీ. నూట అరవై చదరపు అడుగులకు టన్నున్నర ఏసీ! నెత్తిన పెట్టిన సోలార్ పలకలు ఫ్యాన్లు, బల్బులు నడిపితే గొప్ప. ఏసీ పేరెత్తితే ఇన్వర్టర్ కూతపెట్టి పడుకుంటుంది. మరి ఆ కరెంటు ఎక్కడిది? పరవాడ సింహాద్రి ప్లాంటులాంటి చోట్ల బొగ్గు మండితే వచ్చేది. నిన్ను చల్లగా ఉంచడానికి అక్కడ పొగ, నీ నుదుట మాత్రం ‘పర్యావరణ హిత గృహం’ అని ఆకుపచ్చ బిళ్ల. ఆ బొగ్గు మండగా మిగిలిన బూడిదతో చేసే ఇటుకకు నీ కంటే పర్యావరణ జ్ఞానం ఎక్కువ. తక్కువ ఖర్చు ఇళ్ల ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో వాడిన ఎలుకబోను పద్ధతిలో ఆ ఇటుకనే నిలబెట్టి పేరిస్తే గోడ మధ్యలో గాలి ఖాళీ మిగులుతుంది, లోపల చల్లగా ఉంటుంది, ఇటుకలో దాదాపు పావు వంతు ఆదా అవుతుంది. ఆకుపచ్చ బిళ్ల మాత్రం దానికి ఎవరూ అంటించరు.

2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి తిరగేశాను. మనిషి ఉండే గది ఎత్తు మామూలుగా కనీసం 2.75 మీటర్లు ఉండాలట. మామూలు కంటైనర్ లోపలి ఎత్తు 2.39. ఎత్తు పెంచి చేసేవీ 2.70 దగ్గర ఆగిపోతాయి. ఇంట్లో ఒకటే గది ఉంటే వెడల్పు 2.4 మీటర్లు ఉండాలి, నీది 2.35, అందులోంచి థర్మకోల్ మందం తీసెయ్యి. అన్ని వైపులా బెత్తెడు తక్కువగా పుట్టావు. బియ్యం బస్తాలకు సరిపోతావు, బస్తాలకు చెమట పట్టదు కనుక.

‘ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎక్కడికి కావాలంటే అక్కడికి’ మోసుకెళ్లొచ్చన్నారు. నువ్వు వచ్చిన రోజు మా వీధి మలుపులో ట్రైలర్ తిరగలేదు. క్రేనుకు కరెంటు తీగలు అడ్డం. లైన్‌మన్ కోసం ఊరంతా వెతికాం. పెళ్లికూతురి కాపురానికైనా అంత హడావుడి జరగదు.

హుద్‌హుద్ లాంటిది మళ్లీ వస్తే నేలకు బిగించిన బోల్టులు ఆగుతాయా అని అడిగితే, అమ్మిన కుర్రాడు ‘హుద్‌హుద్ అంటే ఏమిటండీ’ అన్నాడు. 2014 అక్టోబరు 12న ఆ తుఫాను విరుచుకుపడినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరైనా ఆ ప్రశ్నకు ఏమని జవాబు చెబుతారో నాకు తెలియదు. నేను మంచినీళ్లు అడిగాను.

పట్టణాల్లో పేదలకు సెంటు చొప్పున స్థలాలిచ్చే పథకం 2020లో మొదలైనప్పుడు, 48 గజాల్లో మనిషన్నవాడు బతుకుతాడా అని ముక్కున వేలేసుకున్న మా బంధువులే, అందులో సగం కూడా లేని నిన్ను చూసి ‘ఎంత పొందికగా ఉందో’ అని ఫొటోలు దిగారు. అదీ ఉదయం ఎనిమిది లోపు. ఆ వేళకు నువ్వు బాగుంటావు, అబద్ధం ఎందుకు? తలుపు తెరిచి గడప మీద కాఫీ గ్లాసుతో కూర్చుంటే లేవబుద్ధి కాదు. తొమ్మిది దాటితే నువ్వే లేపుతావు.

అసలు నా కడుపుమంట వేరే ఉంది. చిన్న ఇల్లు, నేలకు భారం కాని ఇల్లు అంటూ నువ్వేదో కొత్తగా కనిపెట్టినట్టు ఊరేగుతున్నావే, ఈ తీరంలో తరతరాలుగా చుట్టిళ్లు ఉన్నాయి. గుండ్రటి మట్టిగోడ, మనిషి వంగి లోపలికి వెళ్లేంత కిందికి దిగిన తాటాకు కప్పు. మూలలు లేవు కాబట్టి తుఫాను గాలికి పట్టు చిక్కదు, గోడ చుట్టూ జారిపోతుంది. చూరు అంత కిందికి ఉంటే గోడకు ఎండ తగలదు, వాన కొట్టదు. మట్టి, కర్ర, ఆకు అన్నీ నడిచి వెళ్లి తెచ్చుకునే దూరంలోవే. దానికి నిప్పు భయం ఉంది, చెదల బెడద ఉంది, కొన్నేళ్లకోసారి ఆకు మార్చక తప్పదు. అందుకే జనం శ్లాబు కిందికి మారారు, వాళ్లను తప్పుపట్టను. కానీ ఆ ఇంట్లో పుట్టినవాళ్లను వెనకబడినవాళ్లన్న నోటితోనే నిన్ను ‘రేపటి ఇల్లు’ అంటున్నారు చూడు, అక్కడ ఒళ్లు మండుతుంది. పది పన్నెండు అడుగుల మట్టి గుడిసెకు తెలిసిన గాలి సంగతి నీకు తెలియదు. సిగ్గుండాలి!

చివరికి నీ మీద తాటాకు పందిరి వేయించాలని నిర్ణయించాను. రేకుకూ ఆకుకూ మధ్య గాలి ఆడితే లోపల వేడి తగ్గుతుంది, అది శాస్త్రమే. నిన్న తగరపువలస నుంచి పందిళ్లు వేసే పెద్దాయన వచ్చాడు. చుట్టూ తిరిగాడు, లోపలికి తొంగిచూశాడు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

‘‘కింద ఈ డబ్బా లేకపోతే పందిరి ఇంకా చల్లగా ఉంటుందండీ. తీయించేస్తారా?’’

ఎంతవుతుందని అడిగాను. పందిరికి ఒక లెక్క చెప్పాడు. క్రేను సంగతి మాత్రం మీరే కనుక్కోండి అన్నాడు.

ఇట్లు,
భవదీయుడు