చిక్కుడు పాదు కింద ఉన్న స్టెబిలైజర్ బార్ గారికి

స్టెబిలైజర్ బార్ గారికి,

ఒడిశా కొండల్లోని సిమిలిగుడ నుంచి నమస్కారాలు. నిన్ను బండి కింద నుంచి ఊడబీకి నాలుగు నెలలైంది. ఇన్నాళ్లూ లేని "గారు" ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని అడుగుతావేమో, అవసరం పడింది, అంతే. కానీ మీరు అని పిలవడం నా వల్ల కాదు, ఇద్దరం ఒకే బండి కింద బురద తిన్నవాళ్లం.

అసలు నువ్వనేదానివి ఒకదానివి ఉన్నావనే నాకు రెండేళ్లు తెలీదు. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే బండి కొన్నాను, దాని మీద కుందులి సంతకెళ్లి అల్లం, ఉల్లిపాయలు తెచ్చుకుంటున్నాను, సుఖంగా ఉన్నాను. ఒకరోజు రాత్రి ఫోన్లో వీడియో చూశాను. ఎక్కడో అమెరికాలో బండరాళ్ల మీద ఒక జీపు, ఒక చక్రం బానెట్ ఎత్తుకి లేచింది, పక్కది గుంటలోకి దిగింది, మధ్యలో బాడీ మాత్రం పెళ్లివారికి కాఫీలు తెస్తున్న పళ్లెంలా తొణక్కుండా ఉంది. చక్రాలు ఇలా దేనికది లేచి దిగడాన్ని ఆర్టిక్యులేషన్ అంటారట. ముందు స్టెబిలైజర్ బార్ విప్పెయ్యండి, అప్పుడే బండికి స్వేచ్ఛ అన్నాడు ఆ పెద్దమనిషి. నా బండి సంకెళ్లలో ఉందని ఆ రాత్రి తెలిసింది. స్వేచ్ఛ కావలసింది బండికా నాకా అని మా ఆవిడ అడిగింది గానీ ఆ సంగతి ఇక్కడెందుకు.

నీ మీద నేను మోపిన నేరమేమిటో కూడా చెప్పాలి కదా. నువ్వు వంచిన స్ప్రింగు ఉక్కు కడ్డీవి. మధ్యలో రెండు రబ్బరు బుష్‌లతో ఛాసిస్‌ని పట్టుకుని, రెండు చివర్లా లింక్ రాడ్లతో కుడి చక్రాన్నీ ఎడమ చక్రాన్నీ కాడికి కట్టిన ఎడ్లలా కలుపుతావు. స్పీడ్ బ్రేకర్ మీద రెండూ ఒకేసారి లేస్తే నీకేం పట్టదు, బుష్‌లలో ఊరికే తిరిగి ఊరుకుంటావు. ఒకటే లేచిందా, మెలిపడి రెండోదాన్నీ పైకి లాగుతావు. మలుపులో బండి పక్కకి పడిపోకుండా ఆపేది ఈ మెలికే, గుంటలోకి దిగాల్సిన చక్రాన్ని గాల్లో వేలాడదీసేదీ ఈ మెలికే. వేలాడిన చక్రం గిర్రున తిరుగుతుంది, రెండు చక్రాలకీ బలం పంచే డిఫరెన్షియల్ మామూలుదైతే దానికెంత పట్టు ఉందో అవతలి చక్రానికీ అంతే బలం అందుతుంది, అంటే దాదాపు సున్నా. ఒకడు బడి మానేస్తే ఇద్దరికీ సెలవన్నమాట.

అమెరికావాళ్లు మాత్రం మనిషి గుణం ఎరిగినవాళ్లు. జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో ముందు బార్‌ని విడదీయడానికి బటన్ ఉంటుంది. ఫోర్ వీల్ వేసుకుని నెమ్మదిగా పోతున్నంతసేపే అది విడిగా ఉంటుంది, స్పీడు గంటకి 18 మైళ్లు, మన లెక్కలో 29 కిలోమీటర్లు దాటిందంటే డ్రైవరుని అడక్కుండా తనే మళ్లీ కలిపేసుకుంటుంది. డ్రైవరు మరిచిపోతాడని ఇంజనీర్లకి తెలుసు. నేను మరిచిపోతానని నాకు తెలీదు.

నా బటన్ రెండు పానాలూ, ఒక బైండింగ్ వైరు ముక్కా. దేవమాలికి పోదామనుకున్నాను మొదట, కానీ 1,672 మీటర్ల ఆ కొండ మీదకి ఇప్పుడు రోడ్డే ఉంది, కుర్రాళ్లు స్కూటీల మీద ఎక్కేస్తున్నారు, అక్కడ నిన్ను విప్పితే నవ్విపోతారు. అందుకని పొట్టంగి దాటి కొటియా వైపు ఒక మట్టి దారి పట్టాను. ఆ ఊళ్లు ఒడిశావా ఆంధ్రావా అన్నది ఇంకా తేలలేదు, రెండు ప్రభుత్వాల కార్డులూ ఉన్నవాళ్లున్నారు అక్కడ. (నీలాంటి బార్ ఒకటి వాళ్లకీ బిగించి ఉంది, ఒక పక్క రోడ్డు వేస్తామంటే రెండో పక్క లేస్తుంది.) చదునుగా ఉన్నచోట బండి ఆపి, కింద దూరి, రెండు పక్కలా లింకులు విప్పి, నిన్ను పైకి వైరుతో కట్టేశాను. ఆ తర్వాత చూడాలి! ఎడమ చక్రం ఒడిశా గట్టు మీద, కుడి చక్రం ఆంధ్రా గుంటలో, నేను మధ్యలో మహారాజులా. వీడియో కూడా తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే చక్రం మునుపటి కంటే బెత్తెడు కిందకి దిగింది, అంతే. ఆ అమెరికా బళ్లకి ముందు కూడా దూలంలాంటి ఒకే యాక్సిల్ ఉంటుంది, నా బండికి ముందు చక్రాలు దేనికది విడిగా ఉంటాయి, ఆర్మూ షాక్ అబ్జార్బరూ ఎంతవరకు సాగితే అంతవరకే వాటి ఆట. నిన్ను విప్పితే నాకు ఒరిగింది పెద్దగా ఏమీ లేదు. ఒరిగింది మర్నాడు, ఘాట్‌లో.

సాలూరులో గృహప్రవేశం. అమ్మనీ మేనత్తనీ వెనక సీట్లో ఎక్కించుకుని, నువ్వు ఇంకా వైరుకి వేలాడుతున్న సంగతి మరిచిపోయి, సుంకి దాటి కిందకి దిగుతున్నాను. మొదటి వంపులో బండి ఇటు వాలింది, అత్త వెళ్లి అమ్మ ఒళ్లో పడింది. రెండో వంపులో అటు వాలింది, అమ్మ వెళ్లి అత్త ఒళ్లో పడింది. మా నాన్న పోయినప్పుడు కూడా ఒకరినొకరు పట్టుకుని ఏడవని వదినా ఆడపడుచులు వాళ్లు. "ఏట్రా, పడవెక్కించావా?" అంది అత్త. నాలుగో వంపులో లోడు లారీ ఒకటి మా పక్కకి వచ్చేసింది. స్టీరింగ్ ఎడమకి కోసి, మళ్లీ కుడికి తిప్పాను. చక్రాలు తిరిగాయి, పైనున్న బాడీ మాత్రం కాస్త ఆలోచించుకుని అప్పుడు తిరిగింది. ఆ కాస్తలో నాకు లోయ అడుగు దాకా కనిపించింది. వైరు అక్కడే తెగినట్టుంది, అక్కడి నుంచి సాలూరు దాకా నువ్వు టంగుమని కొడుతూనే ఉన్నావు, అత్త కవర్లో మొహం పెట్టుకునే ఉంది.

సాలూరు లారీల ఊరు, అక్కడి మేస్త్రీలు చప్పుడు విని రోగం చెప్తారు. మేస్త్రి కిందకి దూరి చూసి, "ఇది ఎవులు విప్పారు బాబూ?" అన్నాడు. నేనే అన్నాను. ఎందుకండీ అన్నాడు. ఆర్టిక్యులేషన్ కోసం అన్నాను. ఆయన పానా కింద పెట్టి, నన్ను కాదు, మా అమ్మని జాలిగా చూశాడు. లింకుల మరలు పోయాయట, కొత్తవి విశాఖపట్నం నుంచి తెప్పించాలట, అందాకా నిన్ను పూర్తిగా తీసి డిక్కీలో పెట్టి, నలభై దాటకుండా వెళ్లమన్నాడు.

లింకులు మూడు వారాలకి వచ్చాయి. నీ కోసం పెరట్లోకి వెళ్తే నువ్వు లేవు. అమ్మ అప్పటికే నిన్ను చిక్కుడు పాదుకి ఊతంగా పాతేసింది, తీగ నీ మెడ దాటి పందిరెక్కేసింది. కర్ర అయితే చెద పడుతుంది, ఇది గాలికి ఊగదు, నువ్వు తెచ్చిన సామాన్లలో పనికొచ్చింది ఇదొక్కటే అని నాతో అంటోంది. అవతల వేరే కర్ర పాతుతానంటే వినదు. ఇప్పుడు కార్తీకం, పాదు నిండా పూత. రథసప్తమి దాకా ముట్టుకోవద్దంది, ఆ రోజు సూర్యుడికి చిక్కుడు కాయలతో రథం కట్టాలట.

అందాకా నేను నలభైలోనే వెళ్తుంటాను. కొత్త లింకులు బీరువాలో, అమ్మ పట్టుచీరల పక్కన భద్రంగా ఉన్నాయి. నీ బుష్‌లకి నీళ్లు తగలకుండా చూడమని అమ్మకి చెప్పాను, పాదుకి నీళ్లు పొయ్యకపోతే ఎలా అంది.

ఇట్లు,
నీ పాత యజమాని