హెరొడోటస్ అలా రాయలేదు: ‘300’ సినిమా మీద తిరిగే మాటలకు జవాబు

క్రీ.పూ. 480లో థర్మోపైలే కనుమ దగ్గర గ్రీకులకూ పర్షియన్లకూ జరిగిన యుద్ధం గురించి వాట్సాప్‌లోనూ యూట్యూబ్‌లోనూ ఒకే మాట తిరుగుతూ ఉంటుంది. సారాంశం ఇది: మూడు వందల మంది స్పార్టన్లు పది లక్షల పర్షియన్ సైన్యాన్ని ఒంటరిగా మూడు రోజులు ఆపారు. వీళ్లు స్వతంత్రులు, అవతలివాళ్లు బానిసలు. ఈ త్యాగం వల్లే గ్రీసు నిలిచింది, ప్రజాస్వామ్యం బతికింది. ‘300’ సినిమాలో రాక్షసుల్ని తీసేస్తే మిగిలిందంతా ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన చరిత్రే.

ఈ చివరి మాటకే ముందు జవాబు చెప్పాలి, ఎందుకంటే మిగతావన్నీ దాని బలం మీదే నిలబడ్డాయి. హెరొడోటస్ ఈ యుద్ధాల కాలానికి పసివాడు. పుట్టింది హాలికర్నాసస్‌లో, అంటే పర్షియా ఏలుబడిలో ఉన్న గ్రీకు ఊళ్లో. యుద్ధం చూసినవాళ్లు బతికి ఉండగానే వాళ్లను అడిగి తెలుసుకోగలిగిన తరం ఆయనది. థర్మోపైలే కథ ఆయన గ్రంథం ఏడో భాగంలో ఉంది. అది తెరిచి చూస్తే సినిమాను కాదనే సాక్ష్యం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

“మూడు వందల మందే ఆపారు”

హెరొడోటస్ కనుమ దగ్గరికి వచ్చినవాళ్లను ఊరూరా లెక్క రాశాడు. స్పార్టా 300. టెగియా 500, మాంటినియా 500, ఆర్కోమెనస్ 120, మిగతా ఆర్కేడియా 1000, కొరింథ్ 400, ఫ్లియస్ 200, మైసీనే 80. ఇక్కడికి 3100. థెస్పియే నుంచి 700, థీబ్స్ నుంచి 400, ఫోకిస్ నుంచి 1000, వీళ్లుగాక లోక్రిస్ సైన్యం మొత్తం. స్పార్టన్ల వెంట వచ్చిన హెలట్లు, అంటే వాళ్ల పొలాలు దున్నే కట్టుబానిసలు, ఈ లెక్కలో లేరు. మొత్తం ఏడు వేలకు అటూఇటూ అని చరిత్రకారులు అంచనా వేస్తారు.

మూడో రోజు వెనక దారి పర్షియన్లకు దొరికిందని తెలిశాక ఎక్కువ దళాలు వెళ్లిపోయాయి. స్పార్టన్లతో పాటు థెస్పియే 700 మంది ఉండిపోయారు. వాళ్ల నాయకుడు డెమోఫిలస్. వాళ్లను ఎవరూ బలవంతపెట్టలేదనీ, స్పార్టా రాజు లియోనిడాస్‌ను వదిలి వెళ్లబోమని వాళ్లే అన్నారనీ హెరొడోటస్ రాశాడు. థెస్పియే చిన్న ఊరు. అక్కడ భారీ ఆయుధాలు కొనుక్కోగల మగవాళ్లలో అత్యధికులు ఆ ఒక్క రోజే పోయారు. తర్వాత పర్షియా రాజు జెర్క్సీస్ సైన్యం ఆ ఊరిని తగలబెట్టింది. మరుసటి ఏడాది పర్షియన్లతోనే జరిగిన ప్లటియా యుద్ధానికి థెస్పియే వాళ్లు 1800 మంది మళ్లీ వచ్చారు, కానీ వాళ్లకు కవచాలూ పెద్ద డాళ్లూ లేవు. థర్మోపైలేలో లియోనిడాస్ స్మారకం 1955లో కట్టారు. ఈ 700 మందికి విడిగా స్మారకం రావడానికి 1997 దాకా పట్టింది. సినిమా వాళ్లకు చేసిన అన్యాయం చిన్నది కాదు. స్పార్టన్లది చావడానికే పెంచిన సైనిక వ్యవస్థ, థెస్పియే వాళ్లు మామూలు పౌరులు.

“పది లక్షల సైన్యం”

ఈ ఒక్కచోట తప్పు సినిమా కంటే ముందు హెరొడోటస్‌దే. కాలిబలం 17 లక్షలనీ, నావికుల్నీ సేవకుల్నీ కలిపితే 52,83,220 మంది అనీ రాశాడు. ఎలా లెక్కించారో కూడా చెప్పాడు. డొరిస్కస్ మైదానంలో పది వేల మందిని ఇరికించి నిలబెట్టి, చుట్టూ గీత గీసి, వాళ్లను పంపేసి, ఆ గీత మీద బొడ్డెత్తు గోడ కట్టి, మళ్లీ మళ్లీ జనంతో నింపారట. అలా 170 సార్లు.

ఇప్పుడు వాళ్లకు తిండి పెట్టి చూడండి. ఆ లెక్కా ఆయనే వేశాడు: మనిషికి రోజుకు ఒక ఖోయినిక్స్ గోధుమలు. అది దాదాపు లీటరు కొలత, తూకంలో సుమారు 800 గ్రాములు. 52.8 లక్షల మందికి రోజుకు 4200 టన్నులు పైనే అవుతుంది. పది టన్నుల లారీలైతే రోజూ 420 లారీలు, గుర్రాల మేత, నీళ్లు కాకుండా. 17 లక్షల కాలిబలాన్ని వరసకు పది మంది చొప్పున, వరసకూ వరసకూ రెండు మీటర్ల ఎడంతో నడిపిస్తే బారు 340 కిలోమీటర్లు వస్తుంది. థర్మోపైలే నుంచి అథెన్స్‌కు సుమారు 200 కిలోమీటర్లే. ముందు వరస అథెన్స్ చేరినా చివరి వరస కనుమ దగ్గరికి కూడా రాదు. అందుకే నీళ్లు, ధాన్యం, దారి వెడల్పు చూసి లెక్కగట్టే చరిత్రకారులు ఎక్కువమంది లక్ష నుంచి మూడు లక్షల మధ్య ఆగుతారు.

ఆ సంఖ్య కూడా సామాన్యమైంది కాదు. అంతమందిని ఆసియా నుంచి గ్రీసు దాకా నడిపించడమే అసలు విశేషం, అదే ఏ సినిమాలోనూ కనబడదు. ఆసియాకూ ఐరోపాకూ మధ్యనున్న హెలెస్పాంట్ జలసంధి మీద ఒక వంతెనకు 360, రెండో దానికి 314 ఓడలు పక్కపక్కన కట్టారు. ఒక్కో వంతెనకు నార మోకులు రెండు, పపైరస్ మోకులు నాలుగు. ఆథోస్ ద్వీపకల్పం మెడ దగ్గర సుమారు రెండు కిలోమీటర్ల కాలువ తవ్వారు, దాని ఆనవాళ్లు భూమి కింద ఇప్పటికీ ఉన్నాయి. దారి పొడుగునా ముందుగానే ధాన్యం కొట్లు పెట్టారు. బుద్ధిలేని గుంపుగా చూపించిన సైన్యం చేసిన పని ఇది.

“స్పార్టన్లు అలాగే పోరాడేవాళ్లు”

ఒంటి మీద తోలు లంగోటా, భుజాన ఎర్ర వస్త్రం, వరసలోంచి ఎగిరి ఒక్కొక్కడూ పది మందిని నరకడం. దీన్ని సినిమా కోసం చేసిన మార్పుగా సరిపెట్టుకుంటారు గానీ, గెలుపు ఎలా వచ్చిందన్నదే ఇందులో తారుమారైంది.

గ్రీకు భారీ పదాతి సైనికుడి డాలు సుమారు 90 సెంటీమీటర్ల వ్యాసం ఉండే గుండ్రటి చెక్క పలక, పైన కంచు రేకు, బరువు ఆరు నుంచి ఎనిమిది కిలోలు. మధ్యలో కంచు పట్టీలోంచి ముంజేయి దూర్చి, అంచు దగ్గర తాడు పట్టుకోవాలి. అలా పట్టుకుంటే డాలు సగం ఎడమవైపు బయటికి పొడుచుకొస్తుంది. ఆ సగం కాపాడేది పక్కవాడి కుడి పక్కను. ఒకడు ముందుకు దూకాడంటే వాడి ఎడమ చేతివైపు వాడు ఖాళీ అయిపోతాడు, సందులోంచి ఈటె దిగుతుంది. తలకు కంచు శిరస్త్రాణం, కాళ్లకు కంచు తొడుగులు, ఛాతీకి కంచుదో దళసరి నారదో కవచం, చేతిలో రెండు మీటర్లు దాటిన ఈటె. కత్తి ఈటె విరిగాకే. ఇక సినిమాలో డాళ్ల మీద కనబడే Λ అనే స్పార్టా అక్షరం గుర్తుకు ఆధారాలు ఆ శతాబ్దం చివరి నుంచే దొరుకుతున్నాయి.

కనుమ నడి ద్వారం వెడల్పు పదిహేను మీటర్లని హెరొడోటస్ లెక్క. అంత ఇరుకులో పర్షియన్ల సంఖ్య పనికిరాలేదనీ, వాళ్ల ఈటెలు పొట్టివనీ ఆయనే కారణాలు చెప్పాడు. గ్రీకులు ఊరి దళాల వారీగా వంతులు మార్చుకుంటూ పోరాడారు. అలసిన దళం వెనక్కి, తాజా దళం ముందుకు. రెండు రోజులు నిలబడడానికి ఈ వంతులే ఆధారం. సినిమాలో మిగతా ఊళ్లవాళ్లను కుండలు చేసేవాళ్లుగా, శిల్పులుగా తీసిపారేశారు గానీ, వాళ్లు లేకపోతే వంతులే లేవు. స్పార్టన్లు చూపిన ప్రత్యేక విద్య ఒకటుంది. అందరూ కలిసి పారిపోతున్నట్టు వెనుదిరిగి, పర్షియన్లు కేకలేస్తూ వెంటపడగానే ఒక్కసారిగా తిరిగి పొడవడం. ఇలా చేయాలంటే వరస చెదరకుండా వెనక్కి తిరగాలి, మళ్లీ ముందుకు తిరగాలి. నెలల తరబడి కవాతు చేసినవాళ్లకే అది సాధ్యం.

ఎగిరి దూకే వీరుడి సంగతి స్పార్టన్లే తేల్చారు. కంటి జబ్బు వల్ల థర్మోపైలేలో చివరి పోరుకు దూరమై బతికి తిరిగొచ్చిన అరిస్టోడెమస్‌ను ఊరంతా వెలివేసింది. పొయ్యిలోకి నిప్పు కూడా ఇచ్చేవాళ్లు కాదు. ఆ మచ్చ పోగొట్టుకోవాలని మరుసటి ఏడాది ప్లటియాలో వరస వదిలి ముందుకురికి, చాలామందిని చంపి చచ్చాడు. అందరికంటే బాగా పోరాడింది అతనేనని హెరొడోటస్ అభిప్రాయం. స్పార్టన్లు మాత్రం అతనికి గౌరవం ఇవ్వలేదు. చావు కోరి స్థానం వదిలేశాడన్నారు. సినిమా రెండు గంటలకు దగ్గర్లో మెచ్చుకున్న పని, స్పార్టాలో తప్పు కింద లెక్క.

“పర్షియన్లు పిరికి గుంపు, వాళ్ల రాజు తనను దేవుడన్నాడు”

జెర్క్సీస్‌ను సినిమాలో గుండుతో, ఒళ్లంతా గొలుసులతో, రెండు నిలువుల మనిషిగా చూపించారు. పర్షియన్ల రాజధాని పెర్సెపోలిస్ రాతి చెక్కడాల్లో పర్షియా రాజులకు ఛాతీ దాకా గడ్డం, కిరీటం, కుచ్చిళ్ల అంగీ ఉంటాయి. పర్షియా రాజు దేవుడు కాడు, తన శాసనాల్లో రాజ్యం తమ దేవుడు అహురమజ్దా ఇచ్చాడనే చెప్పుకున్నాడు. అంత సైన్యంలోనూ రూపంలో, ఎత్తులో ఆ పదవికి అతనికంటే తగినవాడు లేడని హెరొడోటసే మెచ్చుకున్నాడు. అతనూ లియోనిడాస్ ఎదురుపడి మాట్లాడుకోలేదు.

‘అమరులు’ ముసుగు వేసుకున్న పిశాచాలు కారు. హైడార్నెస్ కింద పది వేల మంది పర్షియన్ పదాతులు. ఒకడు చచ్చినా జబ్బుపడినా వెంటనే ఇంకొకణ్ని వేసి సంఖ్య తగ్గనిచ్చేవాళ్లు కారు కాబట్టి ఆ పేరు. వెయ్యి మంది ఈటెల అడుగున బంగారు దానిమ్మకాయ, మిగతావాళ్లకు వెండిది. పర్షియన్ల తలకు మెత్తటి టోపీ, ఒంటికి చేప పొలుసుల్లాంటి ఇనుప బిళ్లల చొక్కా, అల్లిక డాలు. ధైర్యంలో, బలంలో వాళ్లు తక్కువ కాదు, గ్రీకుల లాంటి భారీ కవచమూ ఆ తరహా పోరు నేర్పూ లేక ఓడారు అని ప్లటియా గురించి హెరొడోటస్ స్పష్టంగా రాశాడు. థర్మోపైలేలో లియోనిడాస్ శవం కోసం జరిగిన పెనుగులాటలో జెర్క్సీస్ సవతి సోదరులు ఇద్దరు చనిపోయారు. వెనక నిలబడి బానిసల్ని తోలే వంశం అలా చావదు. కొరడాలతో అదిలించారన్న మాట మాత్రం హెరొడోటస్‌లో ఉంది, అది సినిమా సృష్టి కాదు.

ఏనుగులూ ఖడ్గమృగాలూ ఆ దండయాత్రలో లేవు. మన ఉపఖండం నుంచి వెళ్లింది సింధు ప్రాంతపు, గాంధారపు సైనికులు: సింధువాళ్లు నూలు బట్టలు కట్టుకుని, వెదురు విల్లులూ ఇనుప ములుకుల బాణాలూ పట్టుకున్నారు. గ్రీకులకు యుద్ధంలో ఏనుగులు ఎదురైంది దాదాపు నూట యాభై ఏళ్ల తర్వాత, అలెగ్జాండర్ కాలంలో.

“పర్షియన్ దూతను లియోనిడాస్ బావిలో తోశాడు”

తోసిన మాట నిజం, తోసింది లియోనిడాస్ కాదు. జెర్క్సీస్ తండ్రి డారియస్ పంపిన దూతల్ని, పదేళ్ల కిందట, స్పార్టన్లు బావిలోనూ అథెన్స్ వాళ్లు గోతిలోనూ పడేశారు. కథ అక్కడితో అయిపోలేదు. దూతను చంపడం మహాపాపమని స్పార్టన్లే భయపడ్డారు. బలుల్లో శకునాలు బాగుండకపోవడంతో, ప్రాయశ్చిత్తంగా చావడానికి ఎవరైనా వస్తారా అని అడిగారు. స్పెర్థియాస్, బూలిస్ అనే ఇద్దరు ముందుకొచ్చి, పర్షియన్ల మరో రాజధాని సూసా దాకా వెళ్లి జెర్క్సీస్ ముందు నిలబడ్డారు. అతను చంపలేదు. మనుషులందరూ మన్నించే నియమాన్ని మీరు తప్పారు, నేను తప్పను అని పంపేశాడు. 481లో గ్రీసు ఊళ్లకు దూతల్ని పంపినప్పుడు స్పార్టాకూ అథెన్స్‌కూ పంపలేదు కూడా. సినిమాలో చప్పట్లు కొట్టించిన ఆ దృశ్యంలో దోషి ఎవరో హెరొడోటస్ చదివితేనే తెలుస్తుంది.

ద్రోహి ఎఫియాల్టెస్ గూని ఉన్న స్పార్టన్ కాడు. ఆ చుట్టుపక్కల మాలిస్ ప్రాంతంవాడు, బహుమానం ఆశించి పర్షియన్లకు వెనక దారి చూపాడు. ఆ దారి లియోనిడాస్‌కు ముందే తెలుసు, కాపలాకు వెయ్యి మంది ఫోకిస్ వాళ్లను పెట్టాడు. తెల్లవారుజామున ఓక్ ఆకుల మీద అడుగుల చప్పుడు విని వాళ్లు లేచారు, బాణాలు పడగానే కొండ మీదికి తప్పుకున్నారు, పర్షియన్లు పక్కనుంచి దిగిపోయారు.

“ఈ త్యాగమే గ్రీసును కాపాడింది”

థర్మోపైలే ఓటమి. ఆ తర్వాత కొన్ని వారాల్లోపే అథెన్స్ తగలబడింది. గ్రీసును నిలిపింది అథెన్స్ వాళ్లేనని, కొందరికి నచ్చకపోయినా చెప్పక తప్పదని, హెరొడోటస్ అదే ఏడో భాగంలో రాశాడు. లారియం వెండి గనుల సొమ్ము పౌరులకు పంచే బదులు ఓడలు కట్టిద్దామని అథెన్స్ నాయకుడు థెమిస్టోక్లెస్ ఒప్పించడం వల్ల అథెన్స్‌కు నౌకాబలం వచ్చింది. ఆ తర్వాత సలామిస్ నౌకాయుద్ధంలో గ్రీకు ఓడలు 378 అయితే అథెన్స్‌వి 180, స్పార్టావి 16. ఒక్కో ఓడలో మూడు అంతస్తుల్లో 170 మంది తెడ్లు వేయాలి. సినిమాల్లోలా గొలుసులకు కట్టిన బానిసలు కారు, ఎక్కువమంది కవచం కొనుక్కునే తాహతు లేని పేద పౌరులు. కొనసాగింపు సినిమాలో పర్షియన్ నౌకాదళాన్నంతా నడిపి చచ్చిపోయిన ఆర్టెమిసియా, నిజంగా హాలికర్నాసస్ రాణి, గ్రీకే. అయిదు ఓడలు తెచ్చింది, సలామిస్ నుంచి బతికి బయటపడింది.

“స్వతంత్రులు, బానిసలు”

ప్రజాస్వామ్యం అథెన్స్‌ది. స్పార్టాలో ఇద్దరు వంశపారంపర్య రాజులు ఉండేవాళ్లు. ఏటా పదవిలోకి వచ్చే ఎఫోర్లు అనే అయిదుగురు అధికారులు హెలట్ల మీద లాంఛనంగా యుద్ధం ప్రకటించేవాళ్లు, హెలట్‌ను చంపితే పాపం అంటకుండా. జెర్క్సీస్ పక్కన సలహాదారుగా కూర్చున్న డెమరాటస్ స్పార్టా మాజీ రాజు. థెస్సలీ, మాసిడోనియా, అయోనియా తీరపు గ్రీకులు అతని వైపే ఉన్నారు. 492లో పర్షియన్ సేనాని మార్డోనియస్ అయోనియా ఊళ్లలో నియంతల్ని దింపి ప్రజాస్వామ్యాలు పెట్టాడు. పెర్సెపోలిస్‌లో దొరికిన మట్టి పలకల్లో పనివాళ్లకు ఇచ్చిన ధాన్యం లెక్కలున్నాయి, బాలింతలకు అదనంగా ఇచ్చినవి కూడా. దీన్నిబట్టి పర్షియాలో అణచివేత లేదనుకుంటే అదీ తప్పే. 490లో ఎరెట్రియా ఊరివాళ్లను పట్టుకుపోయి సూసా దగ్గర దింపారు.

సినిమా చివర్లో ప్లటియా మైదానంలో పది వేల మంది స్పార్టన్లూ ముప్పై వేల మంది స్వతంత్ర గ్రీకులూ నిలబడ్డారని ఉపన్యాసం వస్తుంది. భారీ పదాతుల వరకు ఆ అంకెలు హెరొడోటస్‌కు దగ్గరే. కానీ ఆయన అదే చోట ఇంకో వరస రాశాడు: స్పార్టా నగర పౌరులు 5000, ఒక్కొక్కరి వెంట ఏడుగురు హెలట్లు, మొత్తం 35,000.