నడుస్తున్న లారీకి బ్యాటరీ వైరు పీకకండి

లారీ యజమానుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా ఎప్పటినుంచో తిరుగుతోంది. బండి స్టార్ట్ చేసి, నడుస్తుండగానే బ్యాటరీ వైరు ఒకటి తీసేయాలట. ఇంజన్ ఆగిపోతే బ్యాటరీలను చార్జ్ చేసే డైనమో పోయినట్టు. నడుస్తూనే ఉంటే డైనమో బాగున్నట్టు, బ్యాటరీలు మార్చుకోవాలి. చార్జ్ ఉందో లేదో చూడాలంటే రెండు టెర్మినల్స్‌కీ స్పానర్ తాకించి మెరుపు చూడాలి. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలగకపోతే చార్జింగ్ అవుతున్నట్టే. జతలో పోయిన బ్యాటరీ ఒక్కటే మార్చుకుంటే చాలు. మీటర్లతో, ఎలక్ట్రీషియన్లతో పనిలేదు. ఇదీ సలహా.

పాత లారీ మీద బతికేవాళ్లకు ప్రతి రూపాయీ లెక్కే. వాళ్లకు డబ్బు మిగులుతుందని చెప్పి ఇలాంటివి పంపడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఈ సలహా వింటే మంచి బ్యాటరీలు తుక్కులోకి పోతాయి, మంచి ఆల్టర్నేటర్, అంటే మనం డైనమో అనేదే, కాలిపోతుంది. ఒక్కో మాటా విడిగా చూద్దాం.

ముందు ఆ వైరు పీకే పరీక్ష సంగతి. పాత టాటా 1613 లాంటి బండికి ఉండేది మైకో పంపు. కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా డ్రైవర్ల నోట్లో అది ఇప్పటికీ మైకో పంపే. ఇంజన్ తిరుగుతుంటే గేర్ల మీద ఆ పంపు తిరిగి డీజిల్ కొడుతుంది. డీజిల్ మండేది సిలిండర్‌లో నలిగిన గాలి వేడికి. అక్కడ స్పార్క్ ప్లగ్ లేదు, కంప్యూటర్ లేదు. ఒకసారి అందుకున్నాక ఆ ఇంజన్‌కు కరెంటుతో పనే ఉండదు. తాళం తీసినా ఆగదు కాబట్టే కదా స్టాప్ నాబ్ లాగి ఆపుతున్నాం! అలాంటి బండికి బ్యాటరీ వైరు తీసేసినా, ఆల్టర్నేటర్ వైర్లన్నీ ఊడదీసినా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. అంటే ఆల్టర్నేటర్ పోయి నెలైనా సరే, ఈ పరీక్షలో పాసైపోతుంది. యజమాని వెళ్లి జత బ్యాటరీలు కొనుక్కొస్తాడు. వాటికీ చార్జింగ్ అందదు కాబట్టి నాలుగు రోజులకు అవీ దిగిపోతాయి.

ఈ పద్ధతి పుట్టింది పెట్రోలు బండ్లకు నిజంగా డైనమోలున్న రోజుల్లో. అప్పుడు స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు అందకపోతే ఇంజన్ ఆగేది, కాబట్టి దానికి అంతో ఇంతో అర్థం ఉండేది. మనం అలవాటుగా ఆల్టర్నేటర్‌నూ డైనమో అనే అంటాం. పేరు ఒకటే అయినా లోపల సరుకు వేరు. ఆల్టర్నేటర్‌లో కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్లుంటాయి, వోల్టేజ్‌ను అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉంటుంది. ఈ రెగ్యులేటర్‌నే చాలామంది కటౌట్ అంటారు.

వైరు పీకితే దెబ్బ తగిలేది సరిగ్గా వాటికే. మోటారు నీళ్లు తోస్తుండగా గేటు వాల్వ్ ఒక్కసారిగా మూసేస్తే పైపు పగులుతుంది కదా, ఇదీ అలాంటిదే. దిగిపోయిన బ్యాటరీల్లోకి ఆల్టర్నేటర్ కరెంటు గట్టిగా తోస్తున్నప్పుడు వైరు లాగేస్తే ఆ కరెంటుకు వెళ్లే దారి ఉండదు, వోల్టేజ్ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. బండ్ల ఎలక్ట్రికల్ భాగాలను పరీక్షించే ఐఎస్ఓ 16750 ప్రమాణంలో ఈ దెబ్బకు 24 వోల్టుల బండ్లలో 151 నుంచి 202 వోల్టులు, 12 వోల్టుల బండ్లలో 79 నుంచి 101 వోల్టులు లెక్కలోకి తీసుకుంటారు. అది సెకనులో చిన్న భాగం మాత్రమే ఉంటుంది, కానీ రెగ్యులేటర్‌ను, డయోడ్లను కాల్చడానికి ఆ కాస్త చాలు. పరీక్షకు ముందు బాగున్న ఆల్టర్నేటర్ పరీక్షతోనే పోవచ్చు. డీజిల్ కొట్టడాన్ని కంప్యూటర్ నడిపే కొత్త కామన్ రైల్ బండికి ఇదే పని చేస్తే ఇంజన్ కంప్యూటరే ప్రమాదంలో పడుతుంది.

స్పానర్ మెరుపు గురించి ఎక్కువ చెప్పను. సగం దిగిన బ్యాటరీ కూడా పెద్ద మెరుపే ఇస్తుంది, కాబట్టి దానివల్ల తెలిసేది ఏమీ లేదు. పైగా చార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నాలుగు శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. పెట్టె పేలితే యాసిడ్ ముఖం మీదికి చిమ్ముతుంది. మీ క్లీనర్ కుర్రాడితో ఎప్పుడూ ఆ పని చేయించకండి.

ఇక ఎర్ర లైటు. చాలా పాత బండ్లలో ఆ బల్బు గుండా వెళ్లే కరెంటుతోనే ఆల్టర్నేటర్ మొదట మేలుకుంటుంది. బల్బు మాడిపోతే రెండు నష్టాలు. ఆల్టర్నేటర్ సరిగా మేలుకోదు, ఆ సంగతి చెప్పాల్సిన లైటూ వెలగదు. అందుకని ఇంజన్ స్టార్ట్ చేయకముందు తాళం ఆన్ చేసి ఆ లైటు వెలుగుతోందో లేదో చూడండి. అప్పుడు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. మొదట వెలగకపోతే, తర్వాత వెలగలేదని సంతోషించడానికి ఏమీ లేదు.

జతలో ఒక్కటే మార్చమనే మాట వినడానికి బాగుంటుంది, కానీ పాత లారీల్లో బ్యాటరీలను ఎక్కువగా తినేసేది ఇక్కడే. మన లారీల్లో 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి 24 వోల్టులు వచ్చేలా ఉంటాయి. క్యాబిన్‌లో పాటల సెట్టు, ఫ్యాను, ఫోన్ చార్జర్ 12 వోల్టులవి. వాటికోసం ఎవరో ఒకరు ఒక బ్యాటరీ నుంచి మాత్రమే వైరు లాగి ఉంటారు. రాత్రంతా ఆ ఒక్కటే దిగుతుంది. పొద్దున ఆల్టర్నేటర్ 28 వోల్టులు ఇస్తుంది, మొత్తం మీద మీటర్ బాగానే చూపిస్తుంది. కానీ విడివిడిగా చూస్తే ఒకదాని మీద 13.1, రెండోదాని మీద 14.9 ఉంటుంది. మొదటిది ఎప్పటికీ పూర్తిగా నిండదు. రెండోది ఉడికి నీళ్లు ఆవిరైపోతాయి. అప్పుడు మొదటిదాన్ని మాత్రం మార్చి వైరు అలాగే ఉంచితే కొత్తదానికీ అదే గతి. పైగా పాతదాని పక్కన కొత్తది ఎప్పుడూ సమానంగా చార్జ్ కాదు. ఆ వైరు తీసేసి 24 నుంచి 12కు తగ్గించే కన్వర్టర్ పెట్టించండి. మార్చాల్సి వస్తే జతగా, ఒకే కంపెనీవి, ఒకే సైజువి మార్చండి.

మరి పరీక్ష ఎలా? కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు, రెండు బ్యాటరీలకూ విడివిడిగా పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సగం. 12.0 చూసి "పన్నెండు ఉందిగా" అనుకుంటారు చాలామంది, కానీ అప్పటికి మిగిలింది పావు వంతే. మూతలు తీసే బ్యాటరీ అయితే యాసిడ్ చిక్కదనం చూపే హైడ్రోమీటర్‌తో ఆరు సెల్సూ చూడండి. ఐదు దగ్గరదగ్గరగా ఉండి ఒకటి 50 పాయింట్లు తక్కువుంటే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టు. తర్వాత ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మీటర్ చూడండి. నిండుగా ఉన్న బ్యాటరీ ఒక్కొక్కటి 9.6 కంటే కిందికి జారకూడదు.

స్టార్ట్ అయ్యాక కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి జత మీద చూస్తే 27.6 నుంచి 28.8 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు వేసినా పెద్దగా పడిపోకూడదు. 30 దాటితే కటౌట్ అనుమానించండి. 25 దగ్గరే ఆగిపోతే ఆల్టర్నేటర్‌ను తప్పుపట్టే ముందు బెల్టు చూడండి. లోపలి వైపు అద్దంలా మెరుస్తుంటే అది జారుతోందని అర్థం. బెల్టు బాగుంటే కార్బన్ బ్రష్‌లు చూడాలి. అవి అరిగితే మొత్తం ఆల్టర్నేటర్ కొనక్కర్లేదు. రాత్రికి రాత్రే బ్యాటరీలు దిగిపోతుంటే పొద్దున బండి ముట్టుకోకముందే ఆల్టర్నేటర్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉండాల్సింది గోరువెచ్చగా ఉంటే లోపల డయోడ్ లీకవుతోంది, బ్యాటరీ కరెంటు రాత్రంతా వెనక్కి పారుతోంది.

వీటన్నిటి కంటే ముందు చూడాల్సింది ఎర్త్, అంటే ఇంజన్ నుంచి చాసిస్ మీదుగా కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరే దారి. మా బావ 1613కి సెల్ఫ్ కొడితే కిర్రు కిర్రుమని ఆగిపోయేది. ఈ వైరు పరీక్ష చేశాడు, ఇంజన్ నడిచింది. డైనమో బాగుందని ఒక షాపులో జత బ్యాటరీలు మార్పించాడు. పదిహేను రోజులకు మళ్లీ కిర్రు కిర్రు. "బావా, ఈసారి ఆగు, మీటర్ పెట్టి చూద్దాం" అని వెళ్లాను. ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద, రెండోది ఇంజన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాను. పావు వోల్టు కూడా చూపించకూడని చోట 3.1 చూపించింది. కింద దూరి చూస్తే చాసిస్ నుంచి ఇంజన్‌కు వెళ్లే ఎర్త్ పట్టీ చిలుము పట్టి పచ్చగా అయిపోయింది, ఐదారు తీగలు మాత్రం మిగిలాయి. సెల్ఫ్‌కు వెళ్లే కరెంటూ, ఆల్టర్నేటర్ నుంచి వచ్చే చార్జింగూ ఆ ఐదారు తీగల మీదే నడుస్తున్నాయి. కొత్త పట్టీ వేసి, బోల్టు కింద రంగు ఎమరీ కాగితంతో మెరిసేదాకా గీకి బిగించాం. బ్యాటరీలను బయట చార్జ్ చేయించి పెట్టాక ఒక్క దెబ్బకే అందుకుంది. బావ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పాత జతను షాపువాళ్లకు మార్పిడి కింద ఇచ్చేసి అప్పటికే పదిహేను రోజులైంది.