ముక్కుకు తగిన దూరం

ఒడిశాలోని గజపతి జిల్లాలో వైద్యుని యోగ్యతను నిర్ణయించే ప్రమాణం ఒక్కటే. అది ఆయన ఆసుపత్రికీ మన గుమ్మానికీ మధ్యనున్న దూరం. పర్లాకిమిడి తెలుగువారు తరతరాలుగా పాటిస్తున్న ఈ సూత్రాన్ని ఏ వైద్య కళాశాలా ఇంతవరకు పాఠ్యాంశంగా చేర్చకపోవడం విచారకరం. ఊళ్లో ఉన్న డాక్టరు సాయంత్రం బజారులో ఎదురుపడతాడు, వంకాయలు బేరమాడతాడు. అటువంటివాడికి వైద్యం తెలిసి ఉండే అవకాశం లేదు. పాతపట్నం వెళితే రాష్ట్రం మారుతుంది గాని దూరం చాలదు. శ్రీకాకుళం జ్వరాలకు పనికివస్తుంది. బరంపురంలో 1962 నుంచి మెడికల్ కాలేజీ ఉన్న మాట నిజమే అయినా, అక్కడ చూపించుకున్నామంటే పెళ్లిపందిట్లో ఎవరూ రెండో ప్రశ్న వేయరు. విశాఖపట్నం అంటే కుర్చీ జరుపుతారు. వెల్లూరు అంటే లేచి నిలబడతారు.

ఇన్ని మెట్లూ తీరికగా ఎక్కడానికి సైనస్‌ను మించిన జబ్బు లేదు. గుండెపోటు వచ్చినవాడికి అంత వ్యవధి ఉండదు. విరిగిన కాలు ఒకసారి అతుక్కుంటే మరి ప్రయాణం పెట్టదు. సైనస్ అలా కాదు. తగ్గినట్టే తగ్గి, మహేంద్రగిరి మీదికి మంచు దిగేసరికి క్రమం తప్పకుండా తిరిగివస్తుంది.

మొదటి మెట్టు మందుల షాపు. అక్కడి కుర్రవాడు మన ముఖం వైపు చూడకుండానే మూడు అజిత్రోమైసిన్ యాంటీబయాటిక్ మాత్రలూ, ముక్కులో వేసుకునే చుక్కల సీసా కౌంటరు మీద పెడతాడు. పడిశంతో మొదలయ్యే సైనస్ బాధ చాలామందిలో వైరస్ వల్ల వచ్చేదేననీ, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదనీ, చీమిడి పచ్చబడినంత మాత్రాన బాక్టీరియా చేరినట్టు కాదనీ, పది రోజులు దాటినా తగ్గకపోతేనో, తగ్గుముఖం పట్టి తిరగబెడితేనో ఆ అనుమానం పడాలనీ వైద్యశాస్త్రం చెబుతుంది. కాని పది రోజులు ఆగమనే శాస్త్రం కంటె వెంటనే పొట్లం కట్టే షాపు మీదే మనకు గురి. చుక్కల సంగతి మరీ విశేషం. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ వంటివి మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడితే, మందు ప్రభావం దిగిన ప్రతిసారీ ముక్కు లోపలి పొర మునుపటికంటె ఎక్కువగా వాచి, ఆ వాపు తగ్గడానికి మళ్లీ ఆ చుక్కలే కావలసివస్తాయి. మా బంధువుల్లో ఒక పెద్దాయన ఆ సీసాను జేబులోంచి తీసి చూపించి, ‘ఇది లేకపోతే నాకు ఊపిరాడదు’ అని గర్వంగా చెబుతారు. ఆయన అన్నది అక్షరాలా నిజం.

విశాఖకు రోగి ఒంటరిగా వెళ్లకూడదు. వెంట బావగారు ఉండాలి. జబ్బు రోగిది, మాట బావగారిది. పాత ఎక్స్‌రేలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో ఉండాలి. సైనస్ విషయంలో మామూలు ఎక్స్‌రే చెప్పగలిగేది స్వల్పమే, సన్నని గొట్టంతో ముక్కు లోపల చూడటమో, అవసరాన్ని బట్టి సీటీ స్కాన్ తీయడమో చేస్తే తప్ప సంగతి తేలదు. అయినా సంచి బరువు తగ్గితే రోగి గౌరవం తగ్గుతుంది.

అక్కడ డాక్టరు మంచివాడో కాడో తేల్చడం నిమిషం పని. ప్రశ్నలు వేసేవాడు పనికిరాడు. ఎన్ని వారాలుగా ఉంది, పన్నెండు దాటిందా, లేక ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చి మధ్యలో పూర్తిగా తగ్గుతోందా, వాసన తెలుస్తోందా, ఒక వైపేనా, పై పళ్లలో ఏదైనా పుచ్చిందా, ఉబ్బసం ఉందా, ఆస్పిరిన్ వేసుకుంటే ఆయాసం వస్తోందా, తలనొప్పి వేళ వెలుతురు చూడలేకపోతున్నారా అని ఒకాయన వరుసగా అడిగితే, బావగారు బయటికి వచ్చి, ‘అన్నీ మనల్నే అడుగుతున్నాడు బావా, ఈమాత్రానికి ఇంత దూరం రావాలా?’ అని తీర్పు చెప్పేశారు. పై దవడ పళ్ల వేళ్లు చెంపలోని సైనస్‌ అనే గాలి గది అడుగుకు ఆనుకునే ఉంటాయనీ, ఒక్క పుచ్చు పన్ను ఆ వైపు ముక్కును ఏళ్ల తరబడి కార్పించగలదనీ, సైనస్ తలనొప్పిగా చలామణీ అవుతున్న వాటిలో చాలా భాగం మైగ్రేన్ అనీ ఆ డాక్టరుకు తెలుసు. తెలియడం వేరు, నమ్మకం కలిగించడం వేరు.

పైగా ఆయన కాచి చల్లార్చిన నీటిలో ఉప్పు కలిపి ముక్కు కడుక్కోమన్నారు. ఒక స్టెరాయిడ్ స్ప్రే రాసి, వారాల తరబడి వాడితే గాని గుణం కనిపించదన్నారు. దాని మొనను ముక్కు మధ్య గోడ వైపు కాక బయటి వైపు తిప్పి కొట్టాలని చేసి చూపించారు. ఉప్పునీళ్ల కోసం రాష్ట్రం దాటివచ్చామా అన్న ప్రశ్నకు ఎవరు జవాబు చెబుతారు? ఆ మధ్యాహ్నమే మరొకచోట, ముక్కులోకి చూడకముందే ఆపరేషన్ తేదీ ఇచ్చిన ఆయన దైవసమానుడిగా కనిపించాడు. ఎండోస్కోపీ ఆపరేషన్ కొందరికి నిజంగా అవసరమే. ఆ తర్వాత కూడా ముక్కులో పేరుకునే పక్కులు తీయించుకోవడానికి మళ్లీ మళ్లీ వెళ్లాలనీ, కడగడమూ స్ప్రే కొట్టడమూ మానకూడదనీ మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఒకసారి వెళ్లివచ్చిన తీర్థానికి ప్రతి నెలా ఎవరు వెళతారు? 1936లో మనం ఒడిశాలో కలవకముందు విశాఖా మనమూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవాళ్లం. గీత పడ్డాకే అక్కడి మందుకు ఇంత మహిమ వచ్చిందని నా అనుమానం.

కనుక ప్రభుత్వానికి ఒక విన్నపం. మన ఊరి ముక్కు, చెవి, గొంతు డాక్టరును వారానికొకసారి విశాఖ పంపి, అక్కడ ఒక అద్దె గదిలో కూర్చోబెట్టాలి. పర్లాకిమిడి రోగులు కూడా అదే రైల్లో వెళ్లి, అక్కడ ఆయనకు చూపించుకుని, ఫీజు రెట్టింపు ఇచ్చి, ఆయన ప్రశ్నలన్నిటికీ వినయంగా జవాబులు చెబుతారు. తిరుగు ప్రయాణం కూడా కలిసే చేయవచ్చు. 1900లో రాజావారు నౌపడా నుంచి రైలుమార్గం వేయించింది ఇందుకే కాబోలు. సందేహాలుంటే మాత్రం త్వరగా అడగడం మంచిది. శ్రీకాకుళం రోడ్డు స్టేషను వరకు ఆయన స్పెషలిస్టే. నౌపడా దాటాక మామూలు డాక్టరు. పాతపట్నంలో బండి ఆగేసరికి, ‘మీరు కూడా మా ఊరేనా అండీ?’ అని బావగారు ఆయన్ను జరగమని కిటికీ పక్కన కూర్చుంటారు.