గుర్తు తెలిసేసరికి పోలింగ్ ముంచుకొస్తుంది

మహారాష్ట్ర, ఒడిశా సరిహద్దుల్లోని తెలుగువాళ్ల చిన్న పార్టీలకు నామినేషన్ డిపాజిట్టే పెద్ద అడ్డంకి అని చాలామంది అనుకుంటారు. అసెంబ్లీకి అది 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. మహారాష్ట్రలో సిరొంచ తాలూకా ఉన్న అహేరి ఎస్టీ స్థానం, కాబట్టి అక్కడ 5,000 చాలు. నలుగురూ చందాలేసుకుంటే పోగయ్యే డబ్బే. అసలు చిక్కంతా ఎన్నికల గుర్తు దగ్గరే.

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. రిజిస్టరైనా గుర్తింపు లేని పార్టీ అభ్యర్థికి ఆ నియోజకవర్గ ఓటర్లు పదిమంది కావాలి. వాళ్లలో వేలిముద్ర వేసేవారుంటే అధికారి ఎదుటే వేయాలి. అహేరి స్థానంలోని భామ్రాగఢ్ అడవి పల్లెల నుంచి వాళ్లను తీసుకురావడం మాటలు కాదు. అయినా కష్టపడితే అదీ అయిపోతుంది. గుర్తు మాత్రం నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే చేతికొస్తుంది. 2024 మహారాష్ట్ర ఎన్నికల్లో ఆ గడువు నవంబరు 4, పోలింగ్ 20న. ప్రచారం ఆపాల్సిన 48 గంటలు తీసేస్తే మిగిలేది రెండు వారాలు. గోదావరి, ప్రాణహిత, ఇంద్రావతి ఒడ్డు ఊళ్లన్నిటికీ కొత్త బొమ్మను అంతలో పరిచయం చేయాలి. ఇంట్లో తెలుగే మాట్లాడుతూ మరాఠీ అక్షరం చదవలేని పెద్దవాళ్లకు ఆ బొమ్మే అభ్యర్థి.

పార్టీ అభ్యర్థులందరికీ ఒకటే ఉండే ఉమ్మడి గుర్తును ముందే తెచ్చుకునే దారి ఒకటుంది. రాష్ట్రంలోని అసెంబ్లీ స్థానాల్లో అయిదు శాతం చోట్ల పోటీ చేస్తామని ఎన్నికల సంఘానికి హామీ ఇవ్వాలి. 147 స్థానాల ఒడిశాలో అది ఏడెనిమిది. తెలుగువాళ్లుండే బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం కలుపుకుంటే కష్టమైనా అందుతుంది. 288 స్థానాల మహారాష్ట్రలో పద్నాలుగు పదిహేను కావాలి. సరిహద్దు తెలుగువాళ్లు అన్ని చోట్ల లేరు. ఇక రాష్ట్ర పార్టీ గుర్తింపుకు ఆరు శాతం ఓట్లు, రెండు సీట్లు అన్న లెక్క రాష్ట్రమంతటికీ కలిపి వేస్తారు. ఒక మూలన గుంపుగా బతికే జనం ఆ లెక్కలో కనబడరు.

నన్ను బాధించేది మరొకటుంది. 2023 ఫిబ్రవరిలో బీఆర్‌ఎస్ నాందేడ్‌లో సభ పెట్టింది. పొరుగు రాష్ట్రంలో గుర్తింపు ఉన్న అలాంటి పార్టీ, మహారాష్ట్రలో ఆ గుర్తు మరొకరికి కేటాయించి లేకపోతే, తన గుర్తే కావాలని దరఖాస్తు చేసుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు. అదే నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో పుట్టి అక్కడి సమస్యలపైనే పనిచేసే పార్టీకి మాత్రం ఆ పాటి వెసులుబాటు లేదు.

ఉమ్మడి గుర్తుకున్న అయిదు శాతం నిబంధన సడలిస్తే కాగితం పార్టీలు పుట్టుకొస్తాయన్న భయం న్యాయమైనదే. కానీ వాటిని ఏరే పని వేరే జరుగుతోంది. ఆరేళ్లుగా పోటీ చేయని 334 పార్టీలను ఎన్నికల సంఘం 2025 ఆగస్టులో జాబితా నుంచి తీసేసింది. నేను కోరేది పోటీ చేసే పార్టీల కోసం. ఒక లోక్‌సభ నియోజకవర్గం కిందికి వచ్చే అసెంబ్లీ స్థానాలన్నిటిలో నిలబడతామన్న పార్టీకి ఉమ్మడి గుర్తు ముందే ఇవ్వాలి. మహారాష్ట్రలో అవి ఆరు, ఒడిశాలో ఏడు. దీనికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు. 1968 నాటి గుర్తుల ఉత్తర్వు ఎన్నికల సంఘం తెచ్చుకున్నదే, సవరించాల్సిందీ ఆ సంఘమే.