వాసన మింగిన పెట్టెగారికి బరంపురం నుంచి

మహారాజశ్రీ హ్యూమిడార్ దొరగారికి,

ఉభయకుశలోపరి. సిగార్లు ఎండిపోకుండా తేమలో దాచే చెక్కపెట్టె మీరు. మా బావగారు దుబాయ్ నుంచి తెచ్చి మిమ్మల్ని షోకేసులో ప్రతిష్ఠించిన దగ్గర్నుంచి ఇంట్లో దీపం కన్నా ముందు తేమ కొలిచే మీ ముల్లుకే దర్శనం. తేమ 65 శాతానికీ 70కీ మధ్య ఉందా లేదా? ఆ ముల్లు సత్యసంధత కూడా చూశాం లెండి. తడి ఉప్పుతో కలిపి డబ్బాలో మూసిపెడితే 75 చూపాలి. మీది 66 దగ్గర కునుకు తీసింది.

పైగా మాది గోపాలపూర్ సముద్రపు గాలి తగిలే ఊరు. శ్రావణంలో గోడలకే చెమట పడుతుంది. అప్పుడు కూడా మీకు డిస్టిల్డ్ వాటర్ నైవేద్యం! ఎక్కువైన తేమ పీల్చి, తగ్గితే వదిలే పొట్లం ఒకటి పడేస్తే పోయేదానికి.

అసలు నేరం అది కాదు. కింది అరలో వెనిలా, చెర్రీ సిగార్లు, పై అరలో ఖరీదైన మామూలువి. మీ లోపలి చెక్క తేమతో పాటు వెనిలానీ తాగేసింది. మొన్న బావగారు పై అరలోది వెలిగిస్తే ఐస్‌క్రీం బండికి నిప్పంటుకున్నట్టు వాసన. వెనిలావి తీసేశాం. ఐనా మీరు వదల్లేదు.

వెనిలా, చెర్రీ సిగార్లకి కావలసింది రబ్బరు వాషరున్న గాజు సీసా, రుచికొకటి, చీకటి అలమరలో. గాజు వాసన పట్టదు, సబ్బుతో కడిగితే మళ్లీ కొత్తదే. ఏళ్లు దాస్తే మాగుతాయని బావగారి ఆశ. ఆకు మాగుతుందేమో గానీ పైన పట్టించిన వెనిలా మాగదు, ఎగిరిపోతుంది.

ఇక మేలో కరెంటు పోతే? 24 డిగ్రీలు దాటాక పొగాకు పురుగు గుడ్లు పగిలే భయం ఎక్కువ. సిగారుకి సూదిబెజ్జం, కింద గోధుమరంగు పొడి. పురుగు చావాలని మిగిలినవి ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో చేపల పక్కన పడుకోబెట్టాం.

పర్లాకిమిడి మామ్మ చుట్టని చూరులో దోపేది. అడ్డపొగ తాగే మనిషి, నిప్పే నోట్లో పెట్టుకునేది. ఆవిడకి మీ ముల్లుతో ఏం పని? (చివరికి అంగిట్లో పుండు లేచింది, అది వేరే సంగతి.)

మిమ్మల్ని ఖాళీ చేసి పట్టుచీరలు పెట్టుకుంటానంది అక్క. వెనిలా కంపుకొట్టే చీర కట్టి పెళ్లికి ఎలా వెళ్లనని మళ్లీ తనే మానుకుంది. కాబట్టి మీరు ఖాళీగానే ఉండండి.

ఇట్లు,
మీ చుట్టరికం వద్దనుకుంటున్న
బావమరిది